వెళ్ళని ఊళ్ళో అంటించిన సమను

నేను కోర్టులో ప్రాసెస్ సర్వరుగా చేరింది ఎనభైల మొదట్లో, వేసవి సెలవులు ముగిసి కోర్టులు తెరిచిన వారంలో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు చోట్లా బదిలీల మీద తిరిగి, చివరికి నాజరు హోదాలో రిటైరయ్యాను. ఇప్పుడు రాయబోయే సంగతి వీటిలో ఏ కోర్టులో ఉండగా జరిగిందో చెప్పను. ఊరి పేరు కూడా చెప్పను. తప్పు నాది. దాన్ని ఒక కోర్టుకో, ఒక ఊరికో అంటగట్టడం న్యాయం కాదు.

ప్రాసెస్ సర్వరు అంటే ఎవరో బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. పల్లెల్లో మమ్మల్ని అమీనా అని పిలిచేవాళ్ళు. అమీను నిజానికి మాకంటే పై మెట్టు ఉద్యోగి. డిక్రీ అయిన తర్వాత ఆస్తి జప్తు చేయడం, స్వాధీనం ఇప్పించడం ఆయన పని. మాది అంతకు ముందు పని. నీ మీద దావా పడింది, ఫలానా తేదీన కోర్టుకు రావాలి అని ప్రతివాదికి తెలియజేసే కాగితం సమను. దాన్ని మనిషి చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. అమీన్లకూ మాకూ పైన నాజరు ఉంటాడు. సోమవారం ఉదయం ఆయన బల్ల దగ్గర నిలబడితే ఏ ఊరి సమన్లు ఎవరికో పంచేవాడు. శనివారంలోగా ప్రతి కాగితం వెనక ఏం జరిగిందో రాసి, అది నిజమని ప్రమాణం చేసి తిరిగి అప్పగించాలి. ఆ వెనక రాతను మేము రిపోర్టు అనేవాళ్ళం.

మనిషి దొరికితే పని సులభం. ఎంత తిరిగినా దొరక్కపోతే సమను నకలు ఒకటి ఇంటి వెలుపలి తలుపుకు అంటించి, ఇల్లు చూపించినవారి పేరు రాసుకొని, అంటించగా చూసిన ఇద్దరి చేత సంతకాలు పెట్టించుకోవాలి. చట్టం దాన్ని చేతికిచ్చినట్టే భావిస్తుంది. ఆ తర్వాత గడువుకు రాకపోతే ప్రతివాది లేకుండానే తీర్పు అయిపోతుంది. దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. అంటే మేము రాసే నాలుగు వాక్యాల మీద ఒక కుటుంబం ఇల్లూ వాకిలీ ఆధారపడి ఉంటుంది. ఈ మాట ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నాజరు చెప్పాడు. విన్నాను. అర్థం కావడానికి పదేళ్ళు దాటింది.

ఆయన చెప్పనిది ఇంకొకటి ఉంది. ఈ రోజు ఆ ఊరికి పోవచ్చా, పోకూడదా? మా చేతుల్లో పెట్టిన ఏ రూల్సు పుస్తకంలోనూ ఈ ప్రశ్నకు జవాబు లేదు. అవి ఫ్యాక్షన్ రోజులు. చాలా పల్లెలు రెండు గుంపులుగా చీలి ఉండేవి. ఎన్నికలు వచ్చినప్పుడు జెండాలు మారేవి. ఒకసారి ఒక ఊళ్ళో రెండు గుంపులూ ఒకరి జెండా ఒకరు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. వీధుల మధ్య గీత మాత్రం మారేది కాదు. నిన్న మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టిన అరుగు మీద ఈ రోజు ఎవరు ఏం పట్టుకొని కూర్చున్నారో బస్సు దిగేదాకా తెలిసేది కాదు.

జనం ఈ తెలియనితనంతో ఎలా నెట్టుకొస్తున్నారా అని నాకు మొదటి నుంచీ ఆసక్తి. వాళ్ళను చూసి నేనూ గుర్తులు పట్టడం నేర్చుకున్నాను. మొదటి బస్సులో పాలక్యాన్లు వచ్చాయా? గొర్రెలవాళ్ళు మందను రోజూ తోలే దిక్కుకే తోలారా? బడిపిల్లలు రోడ్డు మీద కనిపిస్తున్నారా? అన్నిటికంటే మంచి గుర్తు నాకొక కండక్టరు చెప్పాడు. ఊళ్ళో ఏదైనా జరగబోతుంటే జనం ఊరికి టికెట్టు అడగరట, రోడ్డు మీది క్రాసుకే అడుగుతారట. అక్కడ దిగి, కాసేపు చూసి, అప్పుడు నడుస్తారు. ఆ పల్లెల్లో ఆడవాళ్ళు ఇంట్లో నీళ్ళు ఎప్పుడూ రెండు రోజులకు సరిపడా నింపి పెట్టుకునేవాళ్ళు. పెళ్ళిపత్రికలో ముహూర్తం రాసేవాళ్ళు గానీ, ఊరేగింపు ఏ వీధిలో పోతుందో ఆ రోజు పొద్దుదాకా ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. ఇవన్నీ ఒక చిన్న నోటుపుస్తకంలో రాసి పెట్టుకునేవాణ్ణి. గుర్తులు సగంసార్లు తప్పేవి. తప్పినా రాయడం మానలేదు. ఏదో ఒకటి చేతిలో ఉన్నట్టు అనిపించేది.

ఎన్నికల లెక్కింపు ముగిసిన వారంలో నాజరు ఇచ్చిన కట్టలో ఎస్తేరమ్మ అనే ఆమె పేరిట ఒక సమను వచ్చింది. అదే ఊరి మనిషి ఒకడు, గెలిచిన పార్టీ వెనక తిరిగేవాడు, ఆమె ఉంటున్న ఇల్లు, దాని వెనక మేకల దొడ్డి తనవని దావా వేశాడు. ఆమె మామ ఎప్పుడో తనకు అమ్మాడని, ఖాళీ చేయించి ఇప్పించాలని అతని కోరిక. అతన్ని ఇక్కడ వాది అనే అంటాను.

క్రాసులో బస్సు దిగాను. ఊరు అక్కడికి రెండు మైళ్ళు. క్రాసులో ఖాదర్ టీకొట్టు ఉండేది. ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటి నాడీ అతని చేతిలో ఉండేది. నా సంచి చూడగానే గ్లాసు కడుగుతూ అడిగాడు.

“యాడికప్పా?”

“ఊర్లోకి. ఒక సమనుంది.”

“ఈపొద్దు పోబాకప్పా. తెల్లార్నుంచి ఒక్క పాలక్యాను రాల్యా. గొర్రెల్ని గూడా బయటికి తోల్లేదు. ఆ సంచి ఏసుకోని పోతే, దాంట్లో బాంబులుండాయా కాగితాలుండాయా అని నిన్నే ముందు నిలబెడ్తారు.”

బెంచీ మీద ఇద్దరు మనుషులు కూర్చొని ఉన్నారు. ఊళ్ళో గాలి బాగాలేదని పొద్దున్నే ఇవతలికి వచ్చేసినవాళ్ళు. వాళ్ళలో పెద్దాయన బీడీ నోట్లోంచి తీయకుండానే అన్నాడు. “రెండూ ఒకటేలే ఖాదరూ. రెండూ కొంపలు కూల్చేటివే.”

అందరం నవ్వాం. నేను ఎక్కువ నవ్వాను, భయం కప్పిపుచ్చుకోవడానికి.

ఎస్తేరమ్మ ఇల్లు తెలుసా అని అడిగాను. “తెలవకేం? అంగన్‌వాడీ ఆయమ్మ గదా. రెండు వీధుల నడమ ఇల్లు” అన్నాడు పెద్దాయన. ఊళ్ళో ఉందా అంటే, “ఎవురుండారో ఎవురు ల్యారో ఈపొద్దు ఎవురు చెప్తారప్పా?” అన్నాడు.

ఆ రోజు ఊళ్ళోకి పోకపోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. సాయంత్రానికి అక్కడ ఇద్దరి తలలు పగిలాయి. తప్పు ఆ బెంచీ మీద కూర్చొని చేసింది. సమను తీసి తిప్పి, తొమ్మిదేళ్ళుగా చేతికి అలవాటైన వాక్యం రాశాను. “ప్రతివాది ఇంట లేనందున, విచారించినా జాడ తెలియనందున, ఇంటి వెలుపలి తలుపునకు నకలు అంటించడమైనది.” ఆ తర్వాత కాగితం వాళ్ళిద్దరి ముందు పెట్టాను.

“చూసినట్టు ఒక సంతకం పెట్టండి.”

“ఏం చూసినట్టు?”

“అంటించినట్టు.”

“యాడ అంటిచ్చినావు? టీ తాగుతాండావు గదా నువ్వు.”

“రేపు వచ్చి అంటిస్తాలే మామా. ఎట్లాగూ అంటించేదే కదా.”

కోర్టు కాగితంతో పేచీ ఎందుకని పెద్దాయన సంతకం చేశాడు. రెండో మనిషి వేలిముద్ర వేశాడు. ఖాదర్ మాత్రం అటువైపు చూడలేదు. పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఉండిపోయాడు.

మరునాడు వచ్చి అంటించాలని నిజంగానే అనుకున్నాను. మరునాడు ఆ దారిలో బస్సు తిరగలేదు. ఆ మరునాడు శనివారం. రిపోర్టు నాజరు బల్ల మీద పెట్టి ప్రమాణం చేశాను. అంటించాల్సిన నకలు నా సంచిలోనే ఉండిపోయింది. తర్వాత ఇంట్లో ట్రంకుపెట్టెలోకి పోయింది. చించేయాలని రెండుసార్లు తీశాను గానీ, కోర్టు ముద్ర ఉన్న కాగితాన్ని చించడానికి చెయ్యి రాలేదు. అబద్ధం రాయడానికి వచ్చిన చెయ్యి దీనికి రాలేదు. ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

కోర్టులో ఎస్తేరమ్మ పేరు పిలిచారు. రాలేదు. ఎలా వస్తుంది? ఎక్స్‌పార్టీ డిక్రీ అయింది. మరుసటి ఏడాది స్వాధీనం వారంటు వచ్చింది. అమీను సుబ్బరామయ్యగారు దాన్ని అమలు చేయడానికి పోతూ తోడుగా నన్ను రమ్మన్నారు. సమను నేనే అంటించాను కాబట్టి ఇల్లు నాకు తెలుసునని ఆయన లెక్క. మా వెనక ఇద్దరు కానిస్టేబుళ్ళు. ఊళ్ళోకి పోయాక ఆయన “ఏ ఇల్లు ఓబులేసూ?” అన్నారు. నేను రెండు వీధుల మధ్య ఏ ఇల్లు ఉందో వెతుక్కుంటూ నడిచాను.

వాది, అతని మనుషులు ముందే అక్కడ నిలబడి ఉండటంతో ఇల్లు తెలిసిపోయింది. చిన్న మట్టి మిద్దె. గడప ఉంది. ద్వారబంధం ఉంది. తలుపు లేదు. ద్వారానికి అడ్డంగా ఒక గోనెపట్ట వేలాడుతోంది.

ఆ క్షణంలో నాకు తట్టిన మొదటి ఆలోచన ఆమె గురించి కాదు. ఇది అమీను గారు గమనించారా అని ఆయన ముఖం చూశాను.

ఎస్తేరమ్మ గోనెపట్ట పక్కకు తోసి బయటికి వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వారంటు అంతా నిలబడి విన్నది. అంతా అయ్యాక అడిగింది.

“నాకు తెలీకుండా కోర్టు యాడ జరిగిందప్పా?”

“సమను వచ్చింది గదమ్మా” అన్నారు అమీను గారు. “నువ్వు ఇంట్లో లేవని తలుపుకు అంటించినారు. ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు.”

“యా తలుపుకు?”

అప్పటికే పోగైన ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె “గోనెపట్టకు అంటిచ్చినాడేమో అడగండి. గాలికి యాడికో పోయింటాది” అంది. కానిస్టేబులు కూడా నవ్వాడు.

అమీను గారు నవ్వలేదు. తలుపు ఎప్పుడు పోయిందని అడిగారు.

“నాలుగేండ్లయింది సామీ. పోలేదు, నేనే పెరికేసినా.”

“ఎందుకు?”

“నా ఇల్లు రెండు వీధుల నడమ ఉండాది గదా. కొట్లాట జరిగినప్పుడల్లా ఎవుడో ఒకడు ఉరికొచ్చి మా ఇంట్లో దూరేటోడు. వాని ఎనకాల పదిమంది. తలుపేసుంటే లోపల ఎవురుండారో అని గొడ్డండ్లతో కొట్టేది. మూడుతూర్లు పగలగొట్నారు, మూడుతూర్లు చేపిచ్చినా. నాలుగోతూరి నేనే పెరికి పొయ్యిలో పెట్టుకున్యా. ఇప్పుడు ఎవురొచ్చినా తొంగి జూస్తారు, పోతారు. లోపలుండేది రెండు తపేలాలు, నేను.”

“భయం కాదా?” ఈ ప్రశ్న నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె నా వైపు తిరిగింది. నేనెవరో ఆమెకు తెలియదు. “తలుపున్నెప్పుడే ఎక్కువ భయముండెనప్పా. ఎప్పుడు కొడ్తారో అని నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కొట్టేదానికి ఏముండాది?”

వాది గొంతు పెంచాడు. “తలుపు కత మనకెందుకు సార్? డిక్రీ ఉండాది, సామాను బయట పెట్టిచ్చండి.”

ఎస్తేరమ్మ ద్వారబంధానికి అడ్డంగా కూర్చుంది. “కోర్టుకు నేనూ వస్తా. నా మాట ఇన్నాక పొమ్మంటే పోతా” అంది. అమీను గారు వారంటు వెనక రాసుకున్నారు. ప్రతివాది అడ్డు చెప్పింది. సమను అందలేదంటోంది. గడువు కోరింది. ఇంటికి తలుపు లేదు. నాలుగూ రాసి ఆమె చేత వేలిముద్ర వేయించి లేచారు. చూసింది రాయడానికి ఆయనకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

తిరుగు బస్సులో ఆయన నన్ను తిట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క మాటే అన్నారు. “నేను చూసింది నేను రాసినా. నువ్వు రాసింది నువ్వు చూసుకో.”

ఎస్తేరమ్మ వాళ్ళ చర్చి పాస్టరును వెంటబెట్టుకొని వచ్చి ఒక వృద్ధ వకీలును పట్టుకుంది. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దు చేయాలని పిటిషను వేసింది. దాని మీద విచారణ అంటే మొత్తం ఒకే ఒక్క ప్రశ్న. సమను నిజంగా అంటించారా లేదా? సాక్షి నేను. ప్రభుత్వోద్యోగి తన విధుల్లో రాసింది నిజమేనని కోర్టు మొదట నమ్ముతుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆమె. టీకొట్టులో సంతకం చేసిన పెద్దాయన అప్పటికి చనిపోయాడు. వేలిముద్ర వేసినవాడు వాది గుంపులో మనిషి. ఇక మిగిలింది నా నోరు.

విచారణ రోజు ఉదయం వాది కోర్టు ముందు క్యాంటీనులో నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. దోసె తినమని బలవంతం చేశాడు.

“అన్నా, అప్పుడు తలుపుండె. అంతే. ఆ ఒక్క మాట చెప్పు.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే ఏముండాది? దొంగ రిపోర్టు రాసినావని నీ ఉద్యోగం పోతాది. మేమేం చెయ్యబన్లా.”

అతను అన్నది నిజమే. బెదిరించడానికి ఇంకేమీ అవసరం లేకపోయింది. నాకు ఇద్దరు పిల్లలు, వాళ్ళ చదువులు. ఇలాంటి సాకులు ప్రతి తప్పుకూ దొరుకుతాయి. బోను ఎక్కి, ప్రమాణం చేసి, అప్పుడు తలుపు ఉండిందని చెప్పాను.

ఎస్తేరమ్మ వకీలు నెమ్మదైన మనిషి. అద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. ఒక రెక్కా, రెండు రెక్కలా? రెండని చెప్పాను. ఏం చెక్క? వేప అన్నాను. రంగు వేసి ఉందా? గుర్తులేదన్నాను. గొళ్ళెం బయటా, లోపలా? బయట అన్నాను. ప్రతి జవాబుకూ ఆ తలుపు నా కళ్ళ ముందు కొంచెం కొంచెంగా తయారైంది. విచిత్రమేమంటే, చివరికి దాని కీళ్ళు కూడా చెప్పగలననిపించింది.

వెనక బెంచీ దగ్గర నిలబడ్డ ఎస్తేరమ్మ గొంతు వినిపించింది. “సామీ, అంత మంచి తలుపుంటే నేనూ చూసుకోనింటా గదా.”

జనం ఘొల్లుమన్నారు. కోర్టు బంట్రోతు డఫేదారు సైలెన్సు అని అరిచాడు. జడ్జి, అంటే మా మున్సిఫ్ గారు, నవ్వకుండా ఉత్తర్వులకు పది రోజుల వాయిదా వేశారు.

ఆ పది రోజుల్లో ఐదో రోజున వాది, తీర్పు ఇక తనదేనన్న ధైర్యంతో, మనుషులను పెట్టి ఎస్తేరమ్మ దొడ్డి గోడ పడదోయించాడు. మేకలు చెల్లాచెదురయ్యాయి. రెండు దొరకనేలేదు. ఆమె పోయి ఇంటి ద్వారంలో కూర్చుందట. ఇంటి జోలికి వస్తే తనను మోసుకొని పోవాలని చెప్పిందట. ఇదంతా నాకు ఖాదర్ చెప్పాడు. వేరే ఊరి సమన్ల మీద పోతూ క్రాసులో బస్సు మారాల్సి వచ్చి అతని కొట్టు దగ్గర ఆగాను. అతను టీ పోయలేదు.

“వేపచెక్క తలుపు అన్నావంట గదప్పా కోర్టులో.”

నేను బెంచీ చివర కూర్చున్నాను.

“రెండు రెక్కలంట. మా కొట్టుకు గూడా తలుపు ల్యా. ఒకటి చేపిచ్చి పెట్టు, పున్యముంటాది.”

బెంచీ మీద ఉన్నవాళ్ళు ఈసారి నవ్వలేదు. ఒకతను లేచి అవతలికి జరిగాడు. ఆ బెంచీ మీద నాకు అంత చోటు ఎప్పుడూ దొరకలేదు.

పశ్చాత్తాపం ఒక్కటే నన్ను కదిలించిందని చెప్పుకుంటే అది ఇంకో దొంగ రిపోర్టు అవుతుంది. వేలిముద్ర వేసినవాడు ఏదో ఒక రోజు వాదితో చెడి నిజం చెబుతాడేమో. ఖాదర్‌ను సాక్షిగా పిలుస్తారేమో. అమీను గారిని పిలిస్తే ఆయన ఏమంటారో. ఈ ఆలోచనలతో బోను దిగినప్పటి నుంచి ఒక్క రాత్రీ నిద్ర లేదు. ఉద్యోగం పోతుందని తెలిస్తే ఒక బాధ. పోతుందో లేదో, ఎప్పుడు పోతుందో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ. ఎస్తేరమ్మ తలుపు ఎందుకు పెరికేసిందో అప్పుడు కొంచెం అర్థమైంది. నేను బిగించుకున్న తలుపును ఎవరో వచ్చి కొట్టేదాకా కాచుకొని కూర్చున్నాను.

ఉత్తర్వుల తేదీకి రెండు రోజుల ముందు, కోర్టు మొదలు కాకముందే, కోర్టు హెడ్ క్లర్కు సిరస్తదారు గారి దగ్గరికి పోయి మున్సిఫ్ గారికి ఒక మాట చెప్పుకోవాలన్నాను. ఆయన నన్ను చూసి సంగతి గ్రహించి, “ఛాంబర్లో చెప్తే లాభం లేదు. చెప్పేదేదో బోనులో చెప్పు. రెండు పక్షాల వకీళ్ళూ ఉండాలి” అన్నారు. ఆ మధ్యాహ్నమే కేసు మళ్ళీ పిలిపించారు. ట్రంకుపెట్టెలోని నకలు తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. ఆ రోజు ఊళ్ళోకి పోలేదని, ఇల్లు చూడలేదని, టీకొట్టు దగ్గర రాశానని చెప్పాను. ఎందుకు పోలేదని మున్సిఫ్ గారు అడిగారు. భయపడ్డానని చెప్పాను. ఆయన అది కూడా రాసుకొని, “ఈ ముక్క ఆ రోజే ఎందుకు రాయలేదు?” అన్నారు.

డిక్రీ రద్దయింది. దావా మళ్ళీ మొదటి నుంచి నడిచింది. ఎస్తేరమ్మ ఈసారి కోర్టుకు వచ్చి తన కాగితాలు చూపించుకుంది. వాది చూపిన అమ్మకం కాగితం నిలబడలేదు. దావా కొట్టేశారు. ఇల్లు ఆమెకు దక్కింది. దొడ్డి గోడ మాత్రం ఆమే కట్టుకోవాల్సి వచ్చింది. పోయిన మేకలకు ఎవరూ జవాబు చెప్పలేదు, నాతో సహా.

నన్ను సస్పెండు చేసి విచారణ జరిపారు. బోనులో నేనే ఒప్పుకున్నానని ఉద్యోగం తీసేయలేదు. ఇంక్రిమెంట్లు ఆపి, వేరే కోర్టుకు బదిలీ చేశారు. నా తర్వాత చేరినవాళ్ళు నాకంటే ముందు అమీన్లయ్యారు. వాది మనుషులు ఏమైనా చేస్తారని ఏడాదిపాటు ఎదురు చూశాను. ఏమీ చేయలేదు. వాళ్ళకు అంతకంటే ముఖ్యమైన శత్రువులు ఉన్నారు.

బదిలీ మీద పోయేముందు ఆ ఊరికి ఒకసారి పోయాను, ఈసారి సంచి లేకుండా. ఎస్తేరమ్మ దొడ్డి గోడకు మట్టి మెత్తుతోంది. నేనెవరో చెప్పాను. కోర్టులో చూసింది కాబట్టి చెప్పకముందే తెలుసు. క్షమించమని అడిగాను. ఆమె చేతి మట్టి దులుపుకోలేదు, పని ఆపలేదు.

“నువ్వు ఆపొద్దు రాకపోయిందే మేలప్పా. ఆపొద్దు మేము గూడా ఊర్లో ల్యాము. వీధిలో పిల్లల్నేసుకోని చేన్లో పడుకున్న్యాం. రాలేదని రాసింటే సరిపాయ గదా. ఎవురు కాదన్న్యారు?”

నేను నిలబడి ఉన్నాను. కాసేపటికి ఆమె, “ఊరికే నిలబడేకాడికి ఆ బాన ఇట్లందీ” అంది. నీళ్ళ బాన అందించాను.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. ఊళ్ళోకి పోలేని రోజున రిపోర్టులో “ఊరికి పోలేదు. గొడవ జరుగుతుందని విని భయపడి క్రాసు నుంచి తిరిగి వచ్చాను” అని టైముతో సహా రాశాను. చాలాసార్లు రాయాల్సి వచ్చింది. మొదటిసారి రాసినప్పుడు నాజరు చదివి, కాగితం మీద “తిరిగి పంపండి” అని రాసి, కొత్త తేదీ వేయించాడు. అంతకంటే ఏమీ జరగలేదు. నేను నాజరునైన తర్వాత నా కింది ప్రాసెస్ సర్వర్లకు మొదటి సోమవారమే ఈ సంగతంతా చెప్పేవాణ్ణి, పేర్లు మార్చకుండా, నా పేరుతోనే.

వాళ్ళకు చెప్పిన మాట ఇదే. తెలియనిదాన్ని తెలియదని రాస్తే కోర్టు పని ఒక వాయిదా ఆలస్యమవుతుంది. తెలిసినట్టు రాస్తే ఆ తెలియనితనం ఎక్కడికీ పోదు. మన సంచిలోంచి లేచి, మనకు ముఖం కూడా తెలియని ఒకరి ఇంటికి పోయి కూర్చుంటుంది.